చవకగా వచ్చే పాత పిస్టల్, పంటకు కాపలా

(తిరుమలగిరిలో జరిగిన మన సంఘం సమావేశంలో, సైన్యంలో తుపాకుల మరమ్మతు విభాగంలో పనిచేసి రిటైరై ఇప్పుడు వ్యవసాయం చేసుకుంటున్న మన సభ్యుడొకరు చేసిన ప్రసంగ పాఠం.)



మద్దతు ధర మీదనో, కౌలు రైతుల గుర్తింపు మీదనో, ధరణి పోయి భూభారతి వచ్చినా తెగని పాస్‌బుక్కుల గొడవ మీదనో మాట్లాడమంటే నాకంటే బాగా మాట్లాడేవాళ్ళు ఈ హాల్లో యాభై మంది ఉన్నారు. నన్ను మాట్లాడమన్నది తుపాకీ గురించి. ఈ తిరుమలగిరి కంటోన్మెంట్‌లోనే, ఈఎంఈలో నేను పని నేర్చుకున్నాను. అక్కడినుంచి దేశమంతా తిరిగి, తుపాకులు విప్పి, కడిగి, బిగించి బతికాను. అందుకని ఊళ్ళో ఎవరికి తుపాకీ మాట వచ్చినా నాకే ఫోన్ చేస్తారు.

ఈ మధ్య ఆ ఫోన్లు ఎక్కువయ్యాయి. అడిగే ప్రశ్న దాదాపు ఒకటే. "కాకా, పాత పిస్టల్ ఒకటి చవకగా వస్తోంది. షోకు కోసం కాదు, పేల్చడానికే. మక్కచేలో పందులు పడుతున్నాయి. తీసుకోమంటావా?"

అడిగేవాళ్ళు రౌడీలు కారు. రెండెకరాల మొక్కజొన్న, ఎకరం పల్లి వేసినవాళ్ళు. రాత్రి మంచె మీద కూర్చుని టార్చి వేసి, డబ్బా కొట్టి, గొంతు పోయేదాకా అరిచి, తెల్లారి చూస్తే సగం చేను పండుకుని ఉంటుంది. పంది తినేది తక్కువ, తొక్కేది ఎక్కువ. అలాంటి మనిషికి ఎవడో వచ్చి చెవిలో పిస్టల్ అంటే ఆశ పుడుతుంది. అందుకే ఈ విషయం ఫోన్లో ఒక్కొక్కరికీ చెప్పేకంటే సంఘంలో అందరికీ చెప్పడం మేలనుకున్నాను.

మొదట అసలు మాట. ఆ చవక పిస్టల్ ఏమిటి? బండి మీద వచ్చినవాడు గుడ్డలో చుట్టి చూపించేది నూటికి తొంభై తొమ్మిది పాళ్ళు తపంచా. నాటు పిస్టల్. నీళ్ళ పైపు ముక్కో, స్టీరింగ్ రాడ్డో కోసి, రేకు వంచి, స్ప్రింగు పెట్టి చేసింది. మీద "మేడిన్ ఇటలీ" అని చెక్కి ఉంటుంది, అక్షరాలు కూడా వంకరగా. నేను సర్వీసులో ఉండగా పట్టుబడ్డ ఇలాంటివాటిని ఎన్నో విప్పి చూశాను. తుపాకీ గొట్టానికి వాడే ఉక్కు వేరు, పైపుకు వాడే ఇనుము వేరు. తూటా పేలినప్పుడు లోపల పుట్టే ఒత్తిడి గొట్టాన్ని చీల్చాలని చూస్తుంది. మంచి ఉక్కు దాన్ని ఓర్చుకుంటుంది. పైపు ఒకసారి ఓరుస్తుంది, రెండోసారి ఓరుస్తుంది, మూడోసారి మీ వేళ్ళు తీసుకుపోతుంది. పంది మాత్రం పక్క చేలోకి పోతుంది.

పేలకపోయినా ప్రమాదమే. 1959 ఆయుధాల చట్టాన్ని 2019 డిసెంబర్‌లో సవరించారు. లైసెన్సు లేకుండా మామూలు తుపాకీ దగ్గర ఉంచుకుంటే ఇప్పుడు రెండేళ్ళకు తగ్గకుండా ఐదేళ్ళ దాకా జైలు, జరిమానా. అది నిషేధిత రకం ఆయుధమైతే ఏడేళ్ళ నుంచి మొదలు. లైసెన్సు లేకుండా తయారు చేసినా, అమ్మినా, ఆఖరికి బాగు చేసినా ఏడేళ్ళకు తగ్గకుండా యావజ్జీవం దాకా పోవచ్చు. బాగు చేసినా అన్నది గమనించండి. ఊళ్ళో కమ్మరి అన్న దగ్గరికి పాత తుపాకీ తీసుకుపోయి "కొంచెం స్ప్రింగు వెయ్యి" అంటే, పాపం ఆయన్ని కూడా కేసులోకి లాగినట్టే. అందుకే ముప్పై ఏళ్ళు ఇదే పని చేసిన నేను కూడా ఇవాళ ఎవరి తుపాకీకీ చెయ్యి పెట్టను. చూడమంటే చూసి చెబుతాను, అంతే. మరమ్మతు లైసెన్సున్న డీలరు దగ్గరే.

ఒక కేసు పడితే ఏమవుతుందో మీకు నేను చెప్పనక్కరలేదు. బెయిలుకు, వకీలుకు, వాయిదాలకు ముందు ఎడ్లు పోతాయి, తర్వాత భూమి పోతుంది. పంది తిన్న పంట ఒక కారుది. కేసు తినేది తరాన్ని.

సరే, లైసెన్సుతోనే కొంటాం, అసలు కంపెనీ పిస్టలే కొంటాం అనేవాళ్ళున్నారు. వాళ్ళకు రెండో మాట. పందికి పిస్టల్ పనికిరాదు.

మన దేశంలో మామూలు పౌరుడికి లైసెన్సు మీద దొరికే పిస్టల్ .32 బోరుది. 9 ఎం.ఎం., .38 లాంటివి నిషేధిత బోర్లు, పోలీసుకు, సైన్యానికి. .32 పిస్టల్ గుండు గొట్టం దాటేటప్పుడు దాని శక్తి సుమారు 200 జౌళ్ళు. అదే 12 బోర్ తుపాకీ తూటాది 2000 జౌళ్ళ పైమాట. పది రెట్ల తేడా. ముదురు మగ పందికి భుజం మీద తోలు, దాని కింద గట్టి పొర, బురద ఎండి పైన పెచ్చు. అలాంటిదానికి .32 గుండు తగిలితే చావదు, గాయపడుతుంది. గాయపడ్డ పంది ఎట్లా వస్తుందో చూసినవాళ్ళు ఈ హాల్లో ఉన్నారు. పైగా పిస్టల్ గొట్టం జానెడు కూడా ఉండదు. పగలు, నిలబడి, కాగితం గురి మీద పాతిక మీటర్లలో సరిగ్గా కొట్టడానికే నెలల సాధన కావాలి. రాత్రి, టార్చి వెలుగులో, పరుగెత్తే పందిని కొడతానంటే పక్క మంచె మీద కూర్చున్న తమ్ముడికి తగులుతుంది.

ధర సంగతి కూడా చెప్పాలి. అమెరికాలో ఎవరైనా పాత పిస్టల్ చవకగా కొని మైదానంలో పేల్చుకుంటాడు. అక్కడ పాతదంటే చవక. మన దగ్గర ఇది తిరగబడింది. 1980ల నడుమ నుంచి మామూలు పౌరులు విదేశీ తుపాకులు దిగుమతి చేసుకోవడం ఆగిపోయింది. కాబట్టి అంతకుముందు వచ్చిన వెబ్లీ స్కాట్‌లు, వాల్తర్‌లు చేతులు మారుతూ లక్షలకు పోతున్నాయి. వాటి మీద పెట్టే డబ్బు పేరుకు, మెరుపుకు. కొనేవాళ్ళు చాలామంది బీరువాలో పెట్టి చుట్టాలకు చూపించుకునేవాళ్ళు. పేల్చేవాడికి ఆ పేరుతో పని లేదు. రంగు పోయినా, పిడి మారినా వాడికి ఒకటే. గొట్టం లోపలి చాళ్ళు నిలిచి ఉన్నాయా, స్ప్రింగులు బిగువుగా ఉన్నాయా, విడి మ్యాగజైన్ దొరుకుతుందా అన్నవే వాడికి లెక్క. ఇంకో చిక్కు కూడా ఉంది. .32 అన్న పేరు ఒకటే అయినా పిస్టల్ తూటా వేరు, కాన్పూర్‌లో తయారయ్యే రివాల్వర్ తూటా వేరు. ఒకదాని తూటా ఇంకోదానికి ఆడదు. పాతది కొనేవాళ్ళు ఈ తేడా తెలియక తూటాలు దొరకని తుపాకీని ఇంట్లో పెట్టుకుంటారు. నిజంగా ప్రాణభయం ఉండి, పోలీసు విచారణలో అది తేలి, లైసెన్సు వచ్చినవాళ్ళ సంగతి వేరు. పంట కాపలాకు పిస్టల్ మాట ఇక్కడితో వదిలేద్దాం.

మరి చట్టంలో రైతుకు ఏమీ లేదా? ఉంది. మనకే తెలియదు.

ఆయుధాల చట్టం సెక్షన్ 13, మూడో ఉపసెక్షన్ చదవండి. నిజమైన పంట రక్షణ కోసం ముందునుంచి మందు కూరే తుపాకీకి, అంటే మన పెద్దలు బర్మార్ అనేదానికి, పౌరుడు అడిగితే లైసెన్సు "ఇవ్వాలి" అని ఉంది. "ఇవ్వవచ్చు" అని కాదు. బర్మార్ చాలదని లైసెన్సు అధికారికి నమ్మకం కుదిరితే, ఇరవై అంగుళాలకు తగ్గని గొట్టం ఉన్న చాళ్ళు లేని తుపాకీకి, అంటే మన 12 బోర్ లాంటిదానికి, అదే పంట రక్షణ కింద లైసెన్సు ఇవ్వవచ్చని కూడా అక్కడే ఉంది. ఆస్తి చాలినంత లేదన్న ఒక్క కారణంతో లైసెన్సు నిరాకరించకూడదని సెక్షన్ 14 చెబుతోంది. కౌలు రైతు సోదరులారా, ఈ వాక్యం మీ కోసమే రాసినట్టుంది. నిరాకరిస్తే కారణం రాతపూర్వకంగా నమోదు చెయ్యాలి, అడిగితే ఆ కారణాలు క్లుప్తంగా మీకు ఇవ్వాలి. ప్రజాప్రయోజనం దృష్ట్యా వద్దనుకుంటే తప్ప దాచకూడదు. దాని మీద అప్పీలుకు సెక్షన్ 18 ఉంది.

ఈ హక్కు ఊరికే రాలేదు. 1878లో లిట్టన్ కాలంలో తెల్లవాళ్ళు ఆయుధాల చట్టం తెచ్చి, తమకు మినహాయింపు ఉంచుకుని మనవాళ్ళ చేతిలోంచి తుపాకీ లాగేశారు. 1930 జనవరిలో ఉప్పు సత్యాగ్రహానికి ముందు గాంధీజీ వైస్రాయ్ ముందు పెట్టిన పదకొండు కోర్కెల్లో ఆత్మరక్షణకు తుపాకీ లైసెన్సులు ఇవ్వాలన్నది ఒకటి. అహింస బోధించిన మనిషే అడిగాడు. 1931 కరాచీ కాంగ్రెస్ తీర్మానంలోనూ నిబంధనలకు లోబడి ఆయుధం ఉంచుకునే హక్కు ఉంది. మన తెలంగాణ సాయుధ పోరాటంలో వడిసెలలు, బర్మార్లు పట్టినవాళ్ళ మనవలం మనం. ఆ వడిసెలా, ఆ బర్మారూ అంతకుముందు చేలో పిట్టను, పందిని తోలినవే.

ఇప్పుడు ఆచరణ. కమిషనరేట్ పరిధిలో ఉంటే పోలీస్ కమిషనర్, మిగతా చోట్ల కలెక్టర్ లైసెన్సు అధికారి. 2016 నిబంధనల ప్రకారం ఆయుధ భద్రత శిక్షణ తీసుకోవాలి, ఇంట్లో తాళం వేసి దాచే ఏర్పాటు చూపించాలి. లైసెన్సు ఇప్పుడు ఐదేళ్ళది, అంతకుముందు మూడేళ్ళది. లైసెన్సు మీద యూఐఎన్ నంబరు తప్పకుండా ఉండాలి. ఒకరికి రెండు తుపాకులకు మించి వీల్లేదు. ఈ కాగితాలన్నీ ఒక్కరు తిరిగితే ఏడాది పడుతుంది, ఊరినుంచి పదిమంది కలిసి పంట నష్టం ఫొటోలు, వ్యవసాయ అధికారి ధ్రువీకరణ, అటవీ రేంజ్ ఆఫీసులో ఇచ్చిన ఫిర్యాదు కాపీ జతచేసి సంఘం లెటర్‌హెడ్ మీద పోతే ఆ ఫైలు బరువు వేరు.

ఒక్క మాట గట్టిగా గుర్తుపెట్టుకోండి. తుపాకీ లైసెన్సు అంటే పందిని చంపే అనుమతి కాదు. అడవి పంది వన్యప్రాణి సంరక్షణ చట్టం రెండో షెడ్యూల్‌లో ఉంది. పంటకు ముప్పు అయితే సెక్షన్ 11 కింద అధికారం ఉన్నవాళ్ళు రాతపూర్వకంగా అనుమతివ్వాలి. మన రాష్ట్రంలో ఆ అధికారాన్ని సర్పంచుల దాకా తెచ్చారు, అటవీ శాఖ గుర్తించిన షూటర్లను పిలిపించవచ్చు. కేరళలో 2022 నుంచి స్థానిక సంస్థల అధ్యక్షులే ఉత్తర్వు ఇస్తున్నారు, లైసెన్సున్న స్థానికులనే ప్యానెల్‌లో పెట్టుకుంటున్నారు. మనం అడగాల్సింది అదే. కాగితం లేకుండా కాలిస్తే పంట రక్షణ అయినా వేటే. నెమలిని, జింకను అయితే చెప్పనే అక్కర్లేదు. ఆకాశంలోకి కాల్చి బెదరగొట్టడం ఒక దారి, దాన్ని కూడా లైసెన్సు షరతుల్లో రాయించుకోండి. పెళ్ళిలో మాత్రం కాల్చకండి. వేడుకల్లో ఇతరుల ప్రాణాలకు ముప్పయ్యేలా కాలిస్తే రెండేళ్ళ దాకా జైలు, లక్ష దాకా జరిమానా అని 2019లో కొత్తగా చేర్చారు.

ఇక నాకు తెలిసిన పని. లైసెన్సు చేతికి వచ్చింది, కొత్తది కొనే స్తోమత లేదు, పాత 12 బోర్ సింగిల్ బ్యారల్ ఒకటి చూశారు. ఎట్లా చూడాలి?

ముందు కాగితం. తుపాకీ మీద నంబరు, అమ్మేవాడి లైసెన్సు మీద నంబరు ఒకటే అయ్యుండాలి. నంబరు ఆకురాయితో గీకినట్టుంటే చేతితో కూడా తాకకండి. అమ్మేవాడు డీలరు కాక మరో లైసెన్సుదారు అయితే, ఎవరికి అమ్ముతున్నాడో పేరు, చిరునామాతో జిల్లా మేజిస్ట్రేట్‌కు గానీ దగ్గరి పోలీస్ స్టేషన్‌కు గానీ ముందుగా రాసివ్వాలి. ఆ తర్వాత 45 రోజులు గడవాలి. అది చట్టం. "ఇవాళ డబ్బు ఇస్తే ఇవాళే తీసుకుపో" అన్నాడంటే వాడికి చట్టం తెలియదు, లేదా బాగా తెలుసు.

తర్వాత తుపాకీని తెరిచి ఖాళీ అని మీ కంటితో, మీ వేలితో చూసుకోండి. వాడు ఖాళీ అన్నాడని నమ్మొద్దు. ముందు చెక్క ఊడదీసి గొట్టాన్ని విడదీయండి. ఆకాశం వైపు పెట్టి లోపల చూడండి. అద్దంలా మెరవాలి. చిన్న చిన్న తుప్పు గుంతలు పరవాలేదు, కడిగితే పోని లోతు గుంతలు తూటా గది దగ్గర ఉంటే వద్దు. లోపల ఎక్కడైనా ఉంగరంలాంటి నల్లని నీడ కనిపిస్తే అక్కడ గొట్టం ఉబ్బిందన్నమాట. మట్టో, గుడ్డో అడ్డుపడి ఉండగా ఎవరో పేల్చారు. వేళ్ళతో బయట నిమిరితే ఆ ఉబ్బు తగులుతుంది. ఉబ్బిన గొట్టం ఎంత చవకైనా వద్దు. డబుల్ బ్యారల్ అయితే గొట్టాన్ని కొక్కేనికి వేలాడదీసి చిన్న కర్రతో తట్టండి. గంటలా మోగాలి. పగిలిన కుండలా మోగితే రెండు గొట్టాలను కలిపే అతుకు ఊడిందని.

మళ్ళీ బిగించండి, ముందు చెక్క వేయకుండా. గొట్టం పట్టుకుని అటూ ఇటూ ఊపండి. కదలకూడదు. మూసినప్పుడు గొట్టానికి, వెనక పలకకు నడుమ సన్న కాగితం దూరితే కీలు అరిగింది. పేలినప్పుడు వేడి గాలి వెనక్కి, మీ కంటి వైపు వస్తుంది. మా దగ్గర రిపేరుకు వచ్చే పాత తుపాకుల్లో ఎక్కువ జబ్బు ఇదే. పైకి చూస్తే కొత్త పెళ్ళికొడుకులా ఉంటుంది, కీలు మాత్రం ముసలిది.

ట్రిగ్గర్ సంగతి. ఖాళీ తుపాకీని ఎక్కుపెట్టి, పిడిని పాత టైరు ముక్క మీద రెండు మూడు సార్లు మెల్లగా తట్టండి. సుత్తి దానంతట అదే పడితే వదిలేయండి. అలాంటిది మంచె మీదనుంచి జారితే చాలు. పిడి సన్నగా ఉండేచోట, చెయ్యి పట్టే మెడ దగ్గర, చెక్కకు పగులు ఉందేమో చూడండి. తీగ చుట్టినా, రంగు పూసినా విప్పించి చూడండి.

కొన్ని చాలా పాత ఇంగ్లీషు తుపాకుల గొట్టం మీద నీళ్ళలో నూనె పోసినట్టు అందమైన చారలు కనిపిస్తాయి. డమాస్కస్ గొట్టాలంటారు. ఇనుప పట్టీలు మెలిపెట్టి చుట్టి చేసినవి, నల్ల మందు కాలానివి. ఇప్పటి తూటాలు వాటిలో వేయకూడదు. ఏ దొరల బంగళా గోడకో అవి అందం. మీకు గోడ అందం అక్కర్లేదు. అలాగే పాత తుపాకీ గది 65 మిల్లీమీటర్ల తూటాకు చేసింది అయితే, 70 మిల్లీమీటర్ల తూటా అందులో దూరుతుంది. దూరింది కదా అని పేల్చకండి. పేలినప్పుడు మూత విచ్చుకోవడానికి చోటుండదు, ఒత్తిడి పెరిగిపోతుంది. గొట్టం కింద అంకె ఉంటుంది, ఖడ్కీ తూటా డబ్బా మీద అంకె ఉంటుంది, రెండూ కలిపి చూడండి. చదవడం రాకపోతే పిల్లలతో చదివించండి, సిగ్గు లేదు. చివరి పరీక్ష, అంటే పేల్చి చూడటం, లైసెన్సున్న డీలరే చెయ్యాలి. వాళ్ళు చట్రానికి బిగించి దూరంనుంచి తాడుతో లాగి పేలుస్తారు. పేలిన ఖాళీ తూటా అడిగి తీసుకోండి. దాని ఇత్తడి ఉబ్బకుండా, చీలకుండా ఉండాలి, మధ్యలో పిన్ను దెబ్బ సరిగ్గా నడిబొడ్డున పడాలి.

బర్మార్ ఉన్నవాళ్ళకు ఒకే మాట. మందు, రవ్వలు కూరి అటక మీద నెలల తరబడి పెట్టకండి. గజపు కర్రను ఖాళీ గొట్టంలో దింపి, మూతి దగ్గర కర్ర మీద గీత గీయండి. ఎప్పుడైనా కర్ర దింపినప్పుడు గీత పైకి కనిపిస్తే లోపల మందుంది. పిల్లలున్న ఇంట్లో ఈ గీత చాలా ప్రాణాలు కాపాడుతుంది.

తాతల తుపాకీ అటక మీద ఉంది, కాగితం లేదు అనేవాళ్ళు చాలామంది ఉన్నారు. "పాతది కాబట్టి పరవాలేదు" అనుకుంటారు. పాతదనం ఒక్కటే చాలదు. పాత నమూనాదో, పురాతన విలువ ఉన్నదో, చెడిపోయిందో అయి, బాగుచేసినా చేయకపోయినా పేలడానికి పనికిరానిదైతేనే సెక్షన్ 45 మినహాయిస్తుంది. బాగుచేస్తే పేలుతుందంటే అది తుపాకీయే. చట్టం కూడా మనలాగే చూస్తుంది, గోడకు తగిలించేదా, పేల్చేదా అని. లైసెన్సుదారు చనిపోతే వారసులు ఆలస్యం చేయకుండా పోలీస్ స్టేషన్‌లో గానీ డీలరు దగ్గర గానీ జమచేసి, రసీదు తీసుకుని, వారసత్వం కింద లైసెన్సుకు దరఖాస్తు పెట్టాలి. రసీదు లేకుండా ఎవరికీ ఇవ్వొద్దు, ఎంత తెలిసినవాడైనా.

ఎన్నికల సంగతి ఒకటి. నోటిఫికేషన్ రాగానే తుపాకులన్నీ స్టేషన్‌లో జమచేయమంటారు. 2023లో అక్టోబర్ నుంచి, సరిగ్గా పంట చేతికొచ్చే వేళ, మళ్ళీ 2024లో మార్చి నుంచి. పందులకు కోడ్ వర్తించదు కదా! అందరివీ గంపగుత్తగా జమచేయించాలని లేదు. జిల్లాలో స్క్రీనింగ్ కమిటీ ఒక్కొక్క లైసెన్సు చూసి నిర్ణయించాలి. కేసుల్లేని రైతు, పంట రక్షణ లైసెన్సు అని రాసి ముందే అర్జీ పెట్టండి. ఎన్నిక ప్రకటించాక కాదు, ముందే.

ఇక పిస్టల్ మీద నిజంగా ఇష్టం ఉన్న పిల్లల సంగతి చెప్పి ముగిస్తాను. ఉంటారు, ఉండాలి కూడా. హైదరాబాద్‌లో పెరిగిన గగన్ నారంగ్ 2012 లండన్ ఒలింపిక్స్‌లో ఎయిర్ రైఫిల్‌లో కాంస్యం తెచ్చాడు. హైదరాబాద్ పిల్ల ఈషా సింగ్ 2018లో పదమూడేళ్ళకే ఎయిర్ పిస్టల్‌లో జాతీయ ఛాంపియన్ అయింది, హాంగ్‌ఝౌ ఆసియా క్రీడల్లో ఒక స్వర్ణం, మూడు రజతాలు తెచ్చింది. 4.5 మిల్లీమీటర్ల బోరు, 20 జౌళ్ళ శక్తి దాటని ఎయిర్ పిస్టల్‌కు లైసెన్సు అక్కర్లేదు, గుర్తింపు, చిరునామా కాగితాలు ఇచ్చి డీలరు దగ్గర కొనవచ్చు. పాతదాన్ని చవకగా కొనడానికి అర్థం ఉన్నది ఇక్కడే. పెద్ద షూటర్లు కొత్త మోడల్ రాగానే పాతది అమ్మేస్తారు. స్టెయర్, మోరిని, వాల్తర్ లాంటివి. గీతలు పడ్డా గురి చెడదు.

చూడాల్సింది ఒకటే ముఖ్యం, గాలి సిలిండర్. దాని మీద తయారీ తేదీ కొట్టి ఉంటుంది. పదేళ్ళు దాటితే వాడకూడదు, పోటీల్లో రానివ్వరు. పిస్టల్ చవకగా వచ్చి, కొత్త సిలిండర్‌కే బోలెడు పోసేవాళ్ళను చూశాను. సిలిండర్ గొడవ లేని రకం ఒకటుంది. లివర్ ఒకసారి నొక్కితే ఆ ఒక్క షాట్‌కు గాలి నిండుతుంది. రష్యా బైకాల్ పిస్టల్ అలాంటిదే, మోటుగా ఉంటుంది, ట్రాక్టర్‌లాగా నడుస్తుంది. దాని రబ్బరు సీలు పట్టి ఉందా అని మాత్రం చూడండి. పది మీటర్ల పోటీకి ట్రిగ్గర్ బరువు 500 గ్రాములకు తగ్గకూడదు, పిస్టల్ మొత్తం కిలోన్నర దాటకూడదు. పిడి పిల్ల చేతికి సరిపోవాలి. కుడిచేతి పిడి ఎడమచేతి పిల్లకు కొనిచ్చి, "సాధన చెయ్యడం లేదు" అని తిట్టే తండ్రులున్నారు. ఇంకోటి, ఎయిర్ పిస్టలే కదా అని పిట్టల మీద కాల్చనివ్వకండి, అదీ కేసే.

వచ్చే నెల సంఘం ఆఫీసులో పంట రక్షణ లైసెన్సు దరఖాస్తులు నింపే పని పెట్టుకుందాం. పట్టా ఉంటే పాస్‌బుక్ జిరాక్స్, కౌలైతే పంట సాగు చేస్తున్నట్టు ఏదైనా కాగితం, నష్టం ఫొటోలు తేదీతో సహా, ఆధార్ తెచ్చుకోండి. తుపాకులు మాత్రం తేవొద్దు. లైసెన్సులో రాసిన ప్రాంతం దాటి తెస్తే దారిలో మీరే ఇరుక్కుంటారు. నాకు చూపించాలనుకుంటే గొట్టం లోపలి ఫొటో ఫోన్లో తీసి పంపండి, టార్చి రెండో వైపు నుంచి వేసి.